కంపెనీ రాసిన వేగం

మా వాడలో కొత్త సాంచా దిగితే మొట్టమొదట చేసే పని మోటారు పుల్లీ మార్చడం. సాంచా అంటే మా సిరిసిల్లలో మరమగ్గం. మహారాష్ట్రలోని భీవండి నుంచి లారీలో వచ్చేది. కంపెనీవాడు బిగించిన పుల్లీ ఊడదీసి కాస్త పెద్దది వేస్తే సాంచా ఇంకొంచెం జోరుగా ఆడుతుంది, పొద్దుగూకేసరికి ఇంకొంత బట్ట దిగుతుంది. పోగులు ఎక్కువ తెగుతాయి, పోగును అటూ ఇటూ మోసే నాడె అప్పుడప్పుడు ఎగిరి గోడకు తగులుతుంది. దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. కంపెనీ పుల్లీతోనే నడిపేవాడు దొరికితే వాణ్ణి చూసి నవ్వేవాళ్లు.

"కంపెనోడు వాని భయానికి వాడు ఏసిండు. మనకేం భయం?"

ఈ మాట వింటూ పెరిగినవాణ్ణి నేను. పదో తరగతితో బడి మానేసి నూలు కండెలు చుట్టే పనిలో కూర్చున్నాను. సాయంత్రమైతే చేతులకంటిన గంజి కూడా సరిగ్గా కడుక్కోకుండా శాఖా గ్రంథాలయానికి పరుగెత్తేవాణ్ణి. తెలుగు పుస్తకాలు అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. అవీ అయిపోయాక బస్సెక్కి కరీంనగర్ జిల్లా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అక్కడ కంప్యూటర్ల గురించి నెలనెలా వచ్చే ఇంగ్లీషు పత్రికలు ఉండేవి. వాటిని నాలాగా మొదటి పుట నుంచి చివరిదాకా చదివేవాళ్లు ఆ జిల్లాలో ఇంకెవరూ లేరని నా నమ్మకం. ఎవరితో మాట్లాడినా "నేను చదివిన" అనకుండా మాట పూర్తయ్యేది కాదు. వాడలో మోటారు కాలినా, బ్యాంకు నుంచి కాగితం వచ్చినా నన్నే పిలిచేవాళ్లు. పిలిచినప్పుడల్లా నేను కొంచెం ఆలస్యంగా పోయేవాణ్ణి, నా కోసం చూడాలని.

తొంభైల నడుమ హైదరాబాదు నుంచి విడిభాగాలు తెచ్చి ఒక కంప్యూటరు కూర్చుకున్నాను. రేకుల గది ఒకటి అద్దెకు తీసుకుని పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసేవాణ్ణి. ఆ గదికి ఎక్కువగా వచ్చేవాడు మా బావ. మా అక్క మొగుడు. నాలుగు సాంచాల ఆసామి. ఆసామి అంటే సాంచాలు తనవే, వాటిమీద నడిచే నూలు తనది కాదు. యజమాని పడుగు నూలు చుట్టిన బీములు ఇవ్వాలి, ఈయన నేసి ఇవ్వాలి, కూలి తెచ్చుకోవాలి. యజమాని అలిగితే సాంచాలు ఆగిపోతాయి.

బావకు అందులోంచి బయటపడాలని ఉండేది. ఆదిలాబాదులో బట్టల దుకాణం నడిపే ఒక మరాఠీ సేటు ఆయనకు ఎక్కడో పరిచయమయ్యాడు. అంగడికి వచ్చే ఆడవాళ్లు కాశపోసి, అంటే గోచిపెట్టి, కట్టుకునే పొడుగు చీరలు అమ్ముతాడు. మంచి అంచులు చూపిస్తే నూలు తానే పంపి చీరలు నేయించుకుంటానన్నాడు. కాని అంచు నేసి చూపించాలంటే ఒక్కో రకానికి సాంచా ఆపి, పోగులు మళ్లీ ఎక్కించి, రోజులు పోగొట్టుకోవాలి.

"గదే నీ కంప్యూటరు డబ్బల గీసి చూపిస్తే అయిపాయె గద బామ్మర్దీ," అన్నాడు బావ ఒకరోజు. "రంగు మార్చుమంటే మారుస్తవు, పువ్వు పెద్దగ జెయ్యిమంటే జేస్తవు. సేటు ముంగట కూసోని చూస్తడు."

నాకూ ఆ ఆలోచన నచ్చింది. రెండు నెలలు కూర్చుని అంచులు గీశాను. మామిడి పిందెలు, నెమళ్లు, గుడి గోపురాల వరుస. బావ పక్కన కూర్చుని ఏది నేతకు వస్తుందో, ఏది రాదో చెప్పేవాడు. ఆ ఉత్సాహంలో ఆయన ఒక తొందరపని చేశాడు. ఎండాకాలం దాకా నేసి, ఆ తర్వాత బీములు ఇక తీసుకోనని యజమానితో చెప్పేసి వచ్చాడు.

"గప్పుడే ఎందుకు జెప్పినవు?" అని అక్క అడిగింది.

"ఇంకెన్నాళ్లు వాని గద్దె కింద కూసుందునే?" అన్నాడు బావ.

సేటు సరేనంటే సరి. లేకపోతే నాలుగు సాంచాలూ ఖాళీ.

అదే కాలంలో కరీంనగర్ గ్రంథాలయంలో ఒక వ్యాసం చదివాను. తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డులకు కంపెనీలు వేగం ఎలా నిర్ణయిస్తాయి అన్నది దాని విషయం. సాంచా ఒక్కో దెబ్బకు ఒక్కో పోగు వేసినట్టు, ఆ కార్డులోని చిప్పు తనలోని గడియారం కొట్టే ఒక్కో దెబ్బకు కొంత పని చేస్తుంది. ఆ గడియారం సెకనుకు ఎన్ని కోట్ల దెబ్బలు కొట్టాలో కంపెనీయే నిర్ణయించి కార్డుమీద రాస్తుంది. ఆ వ్యాసంలో ఒక సంగతి నన్ను పట్టుకుని వదల్లేదు. ఒకే సిలికాన్ పలకమీద తయారైన చిప్పులనే వేరు చేసి, కొన్నింటికి ఎక్కువ అంకె రాసి ఎక్కువ ధరకు, కొన్నింటికి తక్కువ అంకె రాసి తక్కువ ధరకు అమ్ముతారట. చవక కార్డులకు గిరాకీ ఎక్కువైతే జోరుగా నడవగల చిప్పుమీద కూడా తక్కువ అంకె రాసి పంపుతారట.

తిరుగు బస్సులో నాకు నిలకడ లేదు. నా కార్డు చవకది. అంటే లోపల వేగం ఉండి కూడా కంపెనీ నాకు ఇవ్వలేదన్నమాట. సిరిసిల్లలో దిగి నేరుగా బావ కార్ఖానాకు పోయాను. సాంచాల మోత ఆపించి మరీ చెప్పాను. అక్కడున్న నలుగురూ పనులు వదిలి చుట్టూ చేరారు.

"అంటే గిదిగూడ పుల్లీ కథేనా?" అన్నాడు పక్క కార్ఖానా ఆసామి.

"అచ్చం గదే," అన్నాను. "నేను చదివిన. కంపెనీ కావాలనే తక్కువ రాస్తది."

"మరి పెద్ద పుల్లీ ఎయ్యరాదు?"

"ఏస్త."

హైదరాబాదులో విడిభాగాలు అమ్మినవాడి దగ్గర కార్డు వేగం పెంచే చిన్న ప్రోగ్రాం దొరికింది. మరుసటి వారం అందరి ముందూ దాన్ని నడిపాను. అంకె పెంచాను. ఏమీ కాలేదు. ఇంకొంచెం పెంచాను. గుమ్మంలో నిలబడ్డవాళ్లు "ఇంకింత, ఇంకింత" అని కేకలు వేశారు. ఇంకొంత పెంచి ఆపాను. నెమలి అంచును తెరమీద పైకీ కిందికీ జరిపి చూపించాను.

"అబ్బో, ఉరుకుతున్నది!" అన్నాడు బావ.

ఇప్పుడు తలుచుకుంటే ఆ తేడా కంటికి కనిపించేంత లేదు. మేం చూడాలనుకున్నాం కాబట్టి చూశాం. అవి చలికాలపు రోజులు. గది చల్లగా ఉండేది. మూడు నెలలు కార్డు మాట తప్పకుండా పనిచేసింది. నేను ఎవరు కనిపించినా కంపెనీల మోసం గురించి చెప్పాను. నా గది ముందు నుంచి పోయేవాళ్లు "ఏం అన్నా, పుల్లీ ఎట్లున్నది?" అని పలకరించేవాళ్లు. అది నాకు బిరుదులా ఉండేది.

సేటు ఎండాకాలంలో వచ్చాడు. కుటుంబంతో వేములవాడకు మొక్కు చెల్లించడానికి వచ్చి, తిరుగు దారిలో జీపు మా గది ముందు ఆపించాడు. మిట్టమధ్యాహ్నం. పైన రేకులు కాలుతున్నాయి. ఊళ్లో సాంచాలన్నీ ఒకేసారి నడుస్తున్నాయి కాబట్టి కరెంటు బలహీనంగా ఉంది, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేట్టు తిరుగుతోంది. సేటు వస్తాడని పొద్దున్నుంచి కంప్యూటరు ఆపకుండా ఉంచాను. చూడ్డానికి రమ్మని వాడలో నేనే అందరికీ చెప్పాను. గుమ్మం నిండా మనుషులు. ఆ మనుషులతో గాలి ఆడే దారి కూడా మూసుకుపోయింది.

మొదటి అంచు చూపించాను. సేటు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు.

"మస్త్ ఉంది బాబా. హిర్వా రంగు వెయ్, ఆకుపచ్చది. మావాళ్లకు పచ్చదే కావాలి."

పచ్చగా మార్చాను. ఆయన తల ఊపాడు. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. రెండోది నెమలి. అందులో అక్కడక్కడా గులాబీ రంగు చుక్కలు కనిపించాయి. నేను వేసినవి కావు.

"ఈ చుక్కలు బాగున్నయే," అన్నాడు సేటు. "ఇట్ల నెయ్యొచ్చా?"

"ఎందుకు రాదు సేటూ? అది కొత్త డిజైను," అన్నాడు బావ వెంటనే.

చుక్కలు చూస్తుండగానే పెరిగాయి. నెమలి మెడ పక్కకు జరిగింది. తర్వాత తెర నిండా అడ్డగీతలు, ఎర్రవి, నీలివి, తెగిపోయిన పోగుల్లా. మౌసు కదలలేదు. ఆపి మళ్లీ నడిపాను. బాగైందనుకుని నెమలి తెరవగానే మళ్లీ గీతలు వచ్చాయి. ప్రోగ్రాంలోకి పోయి వేగం తగ్గించాలంటే ఆ గీతల మధ్య అక్షరాలు కనిపించాలి. కనిపించలేదు.

గుమ్మం దగ్గరినుంచి ఎవరో అన్నారు. "ఇంకింత పెంచు అన్నా!"

అందరూ నవ్వారు. సేటు కూడా మర్యాదకు నవ్వి, "ఏం పెంచాలి?" అని అడిగాడు.

"కంపెనోడు రాసిన జోరు కంటె ఎక్కువ పెంచిండు సేటూ, మా వోడు," అన్నాడు పక్క కార్ఖానా ఆసామి. ఆయన గొప్పగానే చెప్పాడు. "మేం సాంచాలకు పెద్ద పుల్లీలు ఏసినట్టే. మాకు కంపెనీ లెక్క సరిపోదు."

సేటు నవ్వు ఆగిపోయింది. తెరవైపు కాదు, బావవైపు చూశాడు.

"అంటే సాంచాలు గూడ ఇట్లనే నడుపుతరా?"

నేను కీబోర్డు మీది అక్షరాలు చూస్తూ ఉండిపోయాను. ఆ గదిలో నోరు తెరవాల్సినవాణ్ణి నేను. తప్పు యంత్రానిది కాదు, నేతపనిది అసలే కాదు, నాది అని ఒక్కమాట అంటే చాలు. నా నోటినుంచి వచ్చింది వేరే మాట.

"కరెంటు సక్కగ లేదు సేటూ. కార్డు గూడ జర నాసిరకం."

"ఠీక్ ఆహే. చూద్దాం," అని సేటు లేచాడు. అక్క పంపిన మజ్జిగ గ్లాసు సగం తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్లమీద పెట్టి, జీపెక్కాడు.

మనుషులు పోయాక బావ సేటు వదిలిన గ్లాసు తీసుకుని లేచాడు. నన్ను తిడతాడని చూశాను. తిట్టలేదు. "తెల్లారి సూద్దాం తియ్యి, పరేషాన్ గాకు," అని చెప్పులు వేసుకున్నాడు.

తెల్లవారి గది చల్లబడ్డాక కంప్యూటరు మామూలుగా లేచింది. కార్డు వేగాన్ని కంపెనీ రాసిన అంకెకు తగ్గించాను. మళ్లీ మధ్యాహ్నం దాకా నడిపి చూశాను. అదే ఎండ, అదే రేకులు, అదే కరెంటు. ఒక్క చుక్క కూడా రాలేదు. పాడైపోయి ఉంటే కొంత నయంగా ఉండేది నాకు. అది అంత శుభ్రంగా పనిచేస్తుంటే దాని ఎదుట కూర్చోలేకపోయాను.

ఆ తర్వాత కరీంనగర్ పోయి ఆ పత్రిక మళ్లీ తీయించుకున్నాను. వ్యాసంలో నాకు కావలసినదంతా మొదటినుంచీ ఉంది. కొన్ని పేరాలను నేను గబగబా దాటిపోయాను. అవి నాకు నచ్చే సంగతులు కావు. ఒకే పలకమీది చిప్పులైనా ఏ రెండూ ఒకలా ఉండవు. కంపెనీ వాటిని వేడిచేసి, కరెంటు తగ్గించి, ఎంత వేగంలో తప్పు చేయడం మొదలుపెడతాయో చూస్తుంది. ఆ వేగం రాయదు. దానికంటే కిందికి దిగి రాస్తుంది. ఆ కార్డు ఏ ఊరికి పోతుందో, ఎవడి రేకుల గదిలో ఏ ఎండలో నడుస్తుందో, ఎన్నేళ్లు నడవాలో వాళ్లకు తెలియదు. అదే అంకె వేసిన కార్డుల్లో అన్నిటికంటే బలహీనమైనది కూడా ఆ అంకె నిలబెట్టుకోవాలి. పక్కనుండే మెమరీ చిప్పులు కూడా ఆ జోరును అందుకోవాలి. ఆ అంకె అది ఎంత ఉరకగలదో చెప్పేది కాదు. ఎంతవరకు తప్పు చేయదో చెప్పేది. అమ్మకం కోసం తక్కువ రాయడం కూడా నిజమే, కాని అది ఒక పేరా మాత్రమే. నేను ఆ ఒక్క పేరాను తీసుకుని వాడంతా తిప్పాను.

గ్రంథాలయంలో ఆ రోజు నా ఎదుట ఒక ముసలాయన పేపరు చదువుతూ నిద్రపోతున్నాడు. ఆయన నన్ను చూడలేదు. అయినా ముఖం దాచుకోవడానికి పత్రికను పైకెత్తి పట్టుకున్నాను.

తిరిగి వచ్చి ఇదంతా బావకు చెప్పాను. "నేను చదివిన" అనే మాట వాడకుండా చెప్పడానికి కష్టపడ్డాను. ఆయన విని, "అయితే డబ్బ కట్టు. ఆదిలాబాదు పోదాం," అన్నాడు.

"నేనేం మొఖం పెట్టుకొని వస్త బావా?"

"ఉన్న మొఖమే పెట్టుకొని రా. నాకు డబ్బ నడపరాదు గద."

మానిటర్‌ను ముతక గాడా బట్టలో చుట్టి బావ ఒళ్లో పెట్టుకున్నాడు. పెట్టె నా ఒళ్లో. కరీంనగర్‌లో బస్సు మారి, జగిత్యాల, నిర్మల్ మీదుగా పొద్దంతా ప్రయాణం. కండక్టరు "టీవీయా?" అని అడిగాడు. బావ "చీరలు" అన్నాడు. నిర్మల్ దాటాక కొండదారి మలుపుల్లో ఆయన మానిటర్‌ను చంటిపిల్లలా కరుచుకుని కూర్చుంటే నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను.

సేటు దుకాణంలో గద్దె పక్కన కంప్యూటరు పెట్టి అన్ని అంచులూ చూపించాను. ఏ గీతలూ రాలేదు. ఆయన చివరిదాకా చూసి అడిగాడు.

"ఆ రోజు ఏమైంది? నిజం చెప్పు."

బావ నావైపు తిరిగాడు. "మా బామ్మర్ది చెప్తడు."

చెప్పాను. కరెంటు కాదని, కార్డు నాసిరకం కాదని, కంపెనీ అన్నీ చూసుకుని రాసిన వేగాన్ని నేను అతి తెలివికి పోయి పెంచానని చెప్పాను. కంపెనీ ఆ అంకెను ఎట్లా నిర్ణయిస్తుందో కూడా చెప్పాను. దుకాణంలో చీరలు మడతపెడుతున్న పనివాళ్లు చేతులు ఆపి విన్నారు. సేటు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మరి ఆ రోజు కరెంటు అన్నవు కదా?" అన్నాడు. నేను మౌసు తీగ చుట్టడం మొదలుపెట్టాను.

ఆయన బావను అడిగాడు. "నెలకు ఎన్ని చీరలు ఇస్తవు?"

ఆ ప్రశ్నకు బావ ఎప్పుడూ చెప్పే జవాబు నాకు తెలుసు. నాలుగు సాంచాలు, పెద్ద పుల్లీలు, కరెంటు పోని నెల, వీటితో కట్టిన లెక్క. ఆయన పెదవులు కదిలాయి, ఆగాయి. నావైపు చూశాడు. అడగకుండానే ఏదో అడుగుతున్నట్టు చూశాడు. తర్వాత అందులో సగం చెప్పాడు.

"గంతేనా?" అన్నాడు సేటు.

"గంతే. కరెంటు పోయినా, ఎండలు కొట్టినా గన్ని తప్పకుంట ఇస్త. పోగు తెగిన చీర ఒక్కటి గూడ రాదు. ఎక్కువ అని చెప్పి ఇయ్యకుంటె మంచిగుండది."

సేటు తనకు అంతకు రెట్టింపు కావాలన్నాడు. ఆ సగం మాకు రాసి, మిగిలిన సగం మహారాష్ట్రలోని ఇచల్‌కరంజివాళ్లకు ఇస్తానన్నాడు. మామూలు నెలల్లో ఆ సగానికి రెండు సాంచాలు చాలు, నాలుగింటికి సరిపడే పని చేజారింది. బావ నా మాట విని ఒకసారి సేటును దాదాపు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు నా మాటే విని సగం గిరాకీ వదులుకున్నాడు. ఈసారి నేను చెప్పింది నిజమే. అయినా ఆ నమ్మకాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

మిగిలిన రెండు సాంచాలను ఖాళీగా ఉంచితే ఇల్లు నడవదు. ఊరికి వచ్చిన మర్నాడే బావ యజమాని దగ్గరికి బయలుదేరాడు. బీము మోయడానికి ఇంకో మనిషి కావాలి, నేను వెంట పోయాను.

యజమాని గద్దెమీద పాన్ నములుతున్నాడు. మమ్మల్ని చాలాసేపు నిలబెట్టాడు.

"ఏందిరో, సేటువైతివట గద? మళ్ల గీ దిక్కచ్చినవేంది?"

"రెండు సాంచాలకు బీములు గావాలె," అన్నాడు బావ.

"గా కంప్యూటరు బామ్మర్ది ఈయనేనా? బీములుగూడ గా డబ్బలనే గియ్యరాదు?"

లోపల నూలు తూచేవాళ్లు పగలబడి నవ్వారు. బావ కూడా కొంచెం నవ్వాడు. నవ్వి, "ఈయన గీసినయే నేస్త, ఆదిలాబాదోళ్లకు," అన్నాడు. యజమాని మరికొంచెంసేపు పాన్ నమిలి బీములు ఇమ్మని చెయ్యి ఊపాడు.

ఒక బీము ముందు తీసుకుపోయి, మళ్లీ రెండోదానికి రావాలి. బావ ముందు కొస భుజానికెత్తుకున్నాడు, నేను వెనక కొస. వాడ మొదట్లోనే అరుగులమీద మనుషులు. పక్క కార్ఖానా ఆసామి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను తల దించుకున్నాను. తల దించుకుంటే భుజం కూడా దిగుతుందని నాకు తెలియలేదు. నాలుగు అడుగులు వేశాక బావ వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"జర పైకి లేపు బామ్మర్దీ. బరువంత నా దిక్కే వస్తున్నది."